పతకం అంచు

నాయుడుపేటలో పురుగుమందుల షాపు నడిపే నరేంద్రబాబు దగ్గర యుద్ధాల మీద అరవై మూడు పుస్తకాలున్నాయి. అన్నీ చదివాడు. కొన్ని రెండుసార్లు చదివాడు. తుపాకీ ఎన్నడూ పట్టలేదు, పట్టాలన్న కోరికా లేదు. యుద్ధం గురించి ఎవరైనా తప్పు మాట్లాడితే అది తప్పని తేల్చడం, అతనికి కావలసింది అంతే.

అందుకు చోటు ఆన్‌లైన్‌లో దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధం మీద ఒక గేము ఉంది. ఒక్కొక్కరు ఒక్కో దళాన్ని నడపాలి, కందకాలు తవ్వాలి, ఫిరంగులు జరపాలి. తెలుగువాళ్లు దాన్ని 'కందకాలు' అనే అంటారు. అది ఆడే మూడు వందల నలభై మంది 'తెలుగు మోర్చా' అని గ్రూపు పెట్టుకున్నారు. వారంలో ఆరు రోజులు ఆట. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వాయిస్ రూములో చేరి చరిత్ర మాట్లాడుకుంటారు. ఆ రూముకు బ్యారక్ అని పేరు పెట్టారు.

గ్రూపు మొదలుపెట్టింది ఉషారాణి. గూడూరులో జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతుంది. గ్రూపులో బూతులు ఎక్కువై, ప్రతివాడూ నోటికొచ్చింది చరిత్ర అంటున్నాడని ఒక నియమం రాసింది. ఎవరైనా ఒక మాట అంటే ఇంకొకరు 'ఆధారం?' అని అడగవచ్చు. అన్నవాడు 'ఉంది' అనాలి, లేదంటే 'వెనక్కి' అనాలి. వెనక్కి తీసుకుంటే శిక్ష లేదు, ఎవరూ దాని గురించి మళ్లీ మాట్లాడకూడదు. ఉంది అన్నవాడు వారంలో చూపించాలి, అది పూర్తయ్యేలోపు ఎప్పుడైనా 'వెనక్కి' అనవచ్చు. చూపించేదాంట్లో అబద్ధం తేలితే మూడు నెలలపాటు అతని పేరు ముందు 'బొంకు' అని పడుతుంది. ఆడవచ్చు గానీ మాట్లాడకూడదు, ఓటు వేయకూడదు, ఓటు అడగకూడదు. ఆ ఆధారం తాలూకు మాటలూ బొమ్మలూ గ్రూపులోంచి చెరిపేస్తారు.

ఆరేళ్లలో పద్నాలుగు మందికి బొంకు పడింది. అందులో తొమ్మిది మందికి వేయించింది నరేంద్రబాబు.

అతనికి నోరుంది, చెయ్యి లేదు. చర్చలో అతన్ని గెలిచినవాడు లేడు, ఆటలో అతను గెలిచింది తక్కువ. రూఫస్ సంగతి దీనికి తలకిందులు. రూఫస్‌కు ఇరవై తొమ్మిదేళ్లు. చిల్లకూరులో హైవే పక్కన మోటారు వైండింగ్ షాపు. బోర్లలో కాలిపోయిన మోటార్లూ, సముద్రం వైపు రొయ్యల గుంటల్లో కాలిపోయిన మోటార్లూ అతని దగ్గరకు వస్తాయి. తీగ చుట్టే చేతులతోనే దళాలు నడిపేవాడు. రెండేళ్ల కిందట ఒక పోటీలో నరేంద్రబాబు మూడు పటాలాలు పెట్టుకొని పదకొండు నిమిషాల్లో ఓడిపోయాడు. రూఫస్ కింద ఒక ముక్క రాశాడు.

"అన్నా, పుస్తకం మూసేసి ఆడు."

ఎవరో దానికి బొమ్మ తయారు చేశారు. మూసిన పుస్తకం, దాని పక్కన సెల్యూట్. నరేంద్రబాబు ఓడిన ప్రతిసారీ ఆ బొమ్మ పడేది. రెండేళ్లుగా పడుతూనే ఉంది. అతను నవ్వు గుర్తు పెట్టి ఊరుకునేవాడు. రూఫస్ ఆ మాట సరదాకు అన్నాడు, మర్చిపోయాడు కూడా. నరేంద్రబాబు తేదీతో సహా గుర్తుంచుకున్నాడు.

సెప్టెంబరులో ఉషారాణికి ప్రిన్సిపాల్ బాధ్యత వచ్చింది. గ్రూపు చూసుకోవడం ఇక తన వల్ల కాదని, అక్టోబరు పన్నెండో తేదీ ఆదివారం ఓటు పెట్టి కొత్త కమాండరును ఎన్నుకోమని చెప్పింది. పోటీకి ఇద్దరు నిలబడ్డారు, నరేంద్రబాబు, రూఫస్. అప్పటికి మాటల్లో తేలింది రూఫసే గెలుస్తాడని. కుర్రాళ్లందరూ అతని వైపున్నారు.

ఓటుకు వారం ముందు బ్యారక్‌లో నరేంద్రబాబు కూట్ ముట్టడి మీద మాట్లాడాడు. మెసొపొటేమియాలో తుర్కులు ఆ ఊరిని నూట నలభై ఏడు రోజులు చుట్టుముట్టారు. లోపల ఇంగ్లీషు సైన్యం, అందులో ఎక్కువమంది మనవాళ్లు. తిండి అయిపోయాక గుర్రాలను కోశారు. మన సిపాయిలు చాలామంది గుర్రం మాంసం ముట్టలేదని, అందుకే చిక్కిపోయారని, ఆ పట్టుదల వల్ల కూడా ఊరు చేజారిందని నరేంద్రబాబు చెప్పాడు. పుస్తకం పేరు, పేజీ నంబరు చెప్పాడు.

రూఫస్ రూము కింద చాట్‌లో రాశాడు. ముట్టలేదనడం అందరి విషయంలో నిజం కాదని, తన ముత్తాత కూట్‌లో సిపాయిగా ఉన్నాడని, గుర్రం మాంసం తిన్నాడని, అవ్వ ఇప్పటికీ చెబుతుందని. దానికి ఇరవై రెండు లైకులు పడ్డాయి. మూసిన పుస్తకం బొమ్మ కూడా ఎవరో పెట్టారు.

నరేంద్రబాబు టైపు చేశాడు: "ఆధారం?"

రూఫస్ "ఉంది" అన్నాడు. సాయంత్రానికి ఫొటో పెట్టాడు. గోడకు తగిలించిన చెక్క ఫ్రేము, అద్దం, లోపల గుండ్రటి పతకం, దాని మీద రాజు తల.

నరేంద్రబాబు ఫొటోను పెద్దది చేసి చూశాడు. పతకం గోధుమ రంగులో ఉంది. ఎవరో మకిలి పట్టిందన్నారు, ఇంకెవరో చింతపండుతో తోమమన్నారు. వెండికి మకిలి పడితే నల్లబడుతుంది, ఆ రంగు రాదు. అది కంచు. ఆ యుద్ధంలో ఆ పతకాన్ని సిపాయికి వెండిలో ఇచ్చారు. కంచులో ఇచ్చింది మూటలు మోసినవాళ్లకు, కంచరగాడిదలు తోలినవాళ్లకు, నీళ్లు పోసినవాళ్లకు, పాయిఖానాలు ఎత్తినవాళ్లకు. ప్రతి పతకం అంచు మీదా మనిషి నంబరు, పని, పేరు చెక్కి ఉంటాయి. ఈ పతకం అంచు ఫ్రేము చెక్కలో మునిగి ఉంది. ఆ ఇంట్లో దాన్ని చూసినవాళ్లు లేరని నరేంద్రబాబుకు అర్థమైంది.

ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే రూఫస్ 'వెనక్కి' అనేవాడు. సంగతి అక్కడితో పోయేది. అప్పుడే ఒక రైతు షాపులోకి వచ్చి వరికి ఆకుముడత పట్టిందన్నాడు. నరేంద్రబాబు మందు ఇచ్చి, ఎకరాకు ఎంత కలపాలో రెండుసార్లు చెప్పి పంపించి, మళ్లీ కూర్చొని రాశాడు. చాలా గొప్ప సంగతి తమ్ముడూ అన్నాడు. వచ్చే ఆదివారం అవ్వగారిని బ్యారక్‌లోకి తీసుకొస్తే ఆమె నోటితోనే విందామన్నాడు. పతకాన్ని ఫ్రేములోంచి తీసి వీడియోలో అంచు చూపిస్తే ఆధారం పూర్తవుతుందన్నాడు.

రూఫస్ చేతులు జోడించిన గుర్తు పెట్టాడు.

మర్నాడు ఉషారాణి ఫోను చేసింది. ఆమెకూ రంగు తెలుసు. నరేంద్రబాబు బుకాయించలేదు. అంచు మీద ఏమున్నా అది చరిత్రే గదా మేడం అన్నాడు. ఆ ముసలామెను ఎందుకు పిలిచారని ఆమె అడిగింది. తిన్నాడని చెప్పేది ఆమే కదా, సాక్షిని పిలవకుండా ఎట్లా అన్నాడు. నియమం ఎక్కడ తప్పానో చెప్పమన్నాడు. ఆమె ఫోను పెట్టేసింది.

ఆమె రూఫస్‌తో కూడా మాట్లాడింది. 'వెనక్కి' అనెయ్యి, ఏమీ పోదు అని చెప్పింది. ఎందుకని అతను అడిగితే అది కంచు అంది. చిన్నప్పటినుంచి తెలుసు మేడం, వెండివి దొరలకు ఇచ్చినారంట అన్నాడు. కంచువి ఎవరికి ఇచ్చారో ఆమె నోటితో చెప్పలేకపోయింది. అవ్వ అప్పటికే పాలెమంతా చెప్పుకుందని, ఆరాధన అయ్యాక పాస్టరు గారితో సహా ఎనిమిది మంది ఇంటికొచ్చి కూర్చుంటారని, ఇప్పుడు ఎట్ట వద్దంటానని రూఫస్ అన్నాడట. ఇవన్నీ ఆమె తర్వాత గ్రూపువాళ్లు కొందరికి చెప్పింది.

అవ్వ పేరు ఎలిశబెతు. ఎనభై మూడేళ్లు. ఆ కూట్ మనిషి దావీదుకు ఆఖరి కూతురు. పాలెంలో వాళ్ల ఇంటిని సిపాయోళ్ల ఇల్లంటారు. కరెంటు బిల్లు తెచ్చేవాడూ, గ్యాసు బండి తెచ్చేవాడూ, పెళ్లి పత్రిక రాసేవాడూ అదే పేరు వాడతారు. ఆ ఇంటికి ఉన్న ఆస్తి అదొక్కటే.

ఆదివారం మూడింటికి బ్యారక్‌లో నూట పన్నెండు మంది చేరారు. రూఫస్ ఫోనును స్టాండుకు పెట్టాడు. నీలం చీర కట్టుకొని ఎలిశబెతు కుర్చీలో కూర్చుంది. వెనక బెంచీ మీద మనుషుల మోకాళ్లు కనిపిస్తున్నాయి. ఆమె అందరికీ వందనాలు చెప్పి మొదలుపెట్టింది.

నలభై నిమిషాలు మాట్లాడింది. తన తండ్రి మద్రాసులో ఓడెక్కిన సంగతి, ఓడలో ఎన్ని రోజులు వాంతులు చేసుకున్నాడో, ఆ ఊరు నది వంపులో ఎట్లా ఉండేదో చెప్పింది. మొదట ఎద్దులు అయిపోయాయి, తర్వాత గుర్రాలు, తర్వాత కంచరగాడిదలు. గుర్రం మాంసంలో ఉప్పు లేదని ఆయన చచ్చేదాకా చెప్పేవాడట. ఉప్పు లేని కూర ఎప్పుడు పెట్టినా కూట్ కూర అనేవాడట. తుర్కులు పట్టుకొని ఎడారిలో నడిపించినప్పుడు పక్కవాడు పడిపోతే వాడి చెప్పులు తీసి వేసుకున్నాడట. తిరిగొచ్చాక ఆ బిళ్ల కోటుకు పెట్టుకొని, కాళ్లకు చెప్పులు వేసుకొని, పెద్దూరి వీధిలో ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచాడు. అంతకు ముందు వాళ్లవాళ్లెవరూ ఆ వీధిలో చెప్పులతో నడవలేదు. అరుగుల మీద ఉన్నవాళ్లు బిళ్ల చూసి ఊరుకున్నారు. సిపాయి కదా అన్నారు.

నరేంద్రబాబు కాగితం మీద రాసుకుంటూ విన్నాడు. ఉప్పు సంగతి రాసుకున్నాడు, చెప్పుల సంగతి రాసుకున్నాడు. ఇవి అతని అరవై మూడు పుస్తకాల్లో ఎందులోనూ లేవు. ఆ సంగతి అతనికి తెలుస్తూనే ఉంది. ఆమె ఆపగానే చాలా బాగా చెప్పారు పెద్దమ్మా అన్నాడు. ఆ పొగడ్తలో అబద్ధం లేదు. ఇప్పుడు అంచు చూద్దాం అన్నాడు.

రూఫస్ స్క్రూడ్రైవరుతో ఫ్రేము వెనక మేకులు లేపాడు. పతకం తీసి చొక్కా అంచుతో తుడిచి ఫోను ముందు పెట్టి తిప్పాడు. అక్షరాలు ఇంగ్లీషులో ఉన్నాయి. వీడియోలో స్పష్టంగా కనిపించాయి. నరేంద్రబాబు స్క్రీన్‌షాట్ తీశాడు. రూఫస్ తిప్పుతూ తిప్పుతూ ఆగాడు. చెయ్యి కిందికి దించి పతకాన్ని కళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

ఉషారాణి అతనికి ఒక్కడికే కనిపించేట్టు 'వెనక్కి' అని మూడుసార్లు పంపింది. ఆ ఒక్కమాట అంటే చాలు. కానీ ఆ మాట అంటే పక్కనున్న అవ్వ ఎందుకని అడుగుతుంది.

"ఏమని ఉంది నాయనా?" అని ఎలిశబెతు అడిగింది. "గట్టిగా చదువు, అందరూ వింటారు."

రూఫస్ ఆమెనే చూస్తూ అన్నాడు. "సిపాయి దావీదు అని ఉందవ్వా."

బెంచీ మీద ఎవరో చప్పట్లు కొట్టారు. పాస్టరు గారు స్తోత్రం అన్నాడు.

నరేంద్రబాబు, రూఫస్ 'వెనక్కి' అంటాడనుకున్నాడు, పరువు పోయి ఓటు పోతుందనుకున్నాడు. ఇంత పని తనంతట తనే చేసుకుంటాడని అనుకోలేదు. స్క్రీన్‌షాట్‌ను గ్రూపులో పెట్టాడు. అందరూ చూసేదాకా ఉండి మైకు తెరిచాడు.

"పెద్దమ్మా, మీ మనవడు చదివింది అక్కడ లేదు. నాలుగు వందల పద్దెనిమిది, స్వీపర్ దావీదు. ఆ తర్వాత ఒక ఆస్పత్రి పేరు. అక్కడ ఉన్నది అదీ."

"అంటే ఏంది సార్?"

"ఆస్పత్రిలో పాయిఖానాలు ఎత్తే పని పెద్దమ్మా. సిపాయికి ఇచ్చేది వెండి పతకం. ఇది కంచు."

ఆమె రూఫస్ వైపు చూసింది. అతను నేల చూశాడు. ఆమె మళ్లీ ఫోను వైపు తిరిగింది.

"మా నాయనకు కుడి భుజం మీద కాయ కాచి ఉండేది సార్. తుపాకీ మోసిన మచ్చ. నేను నూనె రాసేదాన్ని."

"కావడి మోసినా అదే చోట కాస్తుంది పెద్దమ్మా."

గ్రూపులో ఎవరో నవ్వు గుర్తు పెట్టారు. వెంటనే ఇంకో ఆరు పడ్డాయి. బెంచీ మీద మోకాళ్లు ఒక్కొక్కటే లేచి వెళ్లాయి. రూఫస్ చెయ్యి ఫోను మీదికి వచ్చింది, వీడియో పోయింది.

నాలుగున్నరకు ఓటు జరిగింది. నరేంద్రబాబుకు డెబ్బై నాలుగు, రూఫస్‌కు పంతొమ్మిది. ఐదింటికి కొత్త కమాండరు మొదటి పనిగా పేరు ముందు అక్షరాలు చేర్చాడు. బొంకు రూఫస్. రెండో పని నలభై నిమిషాల రికార్డును చెరిపేయడం. దాన్ని ఉంచమని ఉషారాణి బతిమాలింది. కూట్‌లో పాకీ పని చేసినవాడి మాట ఈ దేశంలో ఎక్కడా దొరకదని, అవ్వ చెప్పినదాంట్లో తప్పు ఒక్క సిపాయి అన్న మాటేనని, మిగతాది బంగారమని చెప్పింది. నరేంద్రబాబు కాదనలేదు. బంగారమే మేడం అన్నాడు. కానీ బొంకు పడిన ఆధారం ఉంచకూడదని మీరే రాశారు అన్నాడు. అరవై నాలుగో పుస్తకానికి సరిపోయే సరుకు ఒక్క నొక్కుతో పోయింది. ఉషారాణి ఆ సాయంత్రమే గ్రూపులోంచి వెళ్లిపోయింది.

నూట పన్నెండు మందిలో చిల్లకూరు కుర్రాడొకడు ఉన్నాడు. అంచు చదివిన ముక్క రికార్డు చేసుకొని వాట్సాప్‌లో పెట్టాడు. మూడు రోజుల్లో అది పాలెంలో అందరి ఫోనుల్లోకీ వచ్చింది. మొదటి వారం కుర్రాళ్లు రూఫస్ షాపు ముందు బండ్లు ఆపి సెల్యూట్ కొట్టి పోయేవారట.

తర్వాతి వారం దక్షిణాది గ్రూపుల లీగు మొదలైంది. తెలుగు మోర్చా తమిళుల చేతిలో ఓడింది. కన్నడంవాళ్ల చేతిలో ఓడింది. మలయాళీలు పంతొమ్మిది నిమిషాల్లో ముగించారు. బొంకు పడినవాడు ఆడవచ్చు, నియమం అడ్డు రాదు. కానీ రూఫస్ లోపలికే రావడం లేదు. మెసేజీలకు జవాబు లేదు. మూడో ఓటమి తర్వాత అతనికి ఓటేసిన డెబ్బై నాలుగు మందిలో యాభై మంది ఒకే మాట రాశారు. రూఫస్‌ను తీసుకురా, లేదంటే దిగిపో.

నవంబరు ఐదో తేదీ బుధవారం నరేంద్రబాబు షాపును బావమరిదికి అప్పగించి గూడూరు బస్సెక్కాడు. వారం రోజులు పట్టిన వాన ఆ రోజు తెరిపిచ్చింది. చిల్లకూరులో దిగేసరికి పదకొండు. వైండింగ్ షాపు షట్టరు సగం దించి ఉంది. పక్క టీ కొట్టు ఆమెను అడిగాడు, సిపాయోళ్ల రూఫస్ ఎక్కడున్నాడని.

"ఆ పేరు పెట్టి పిలవొద్దంట సార్," అందామె. "ఇల్లిల్లూ తిరిగి ఆ ముసలామే చెప్పింది. సమాధుల తోట కాడ ఉండారు ఇద్దరూ, అట్ట పొండి."

సమాధుల తోట చర్చి వెనక ఉంది. నీళ్లు నిలిచిన చోటల్లా ఇటుకలు పరిచారు. ఆ చివర ఒక కడప బండ ముందు ఎలిశబెతు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. రూఫస్ పక్క సమాధి గట్టు మీద కూర్చున్నాడు. పెంచలయ్య అనే రాతిపని ఆయన గోనెపట్టా మీద కూర్చొని ఉలికి పదును పెడుతున్నాడు. బండ మీద దావీదు అన్న పేరు ఉంది, సంవత్సరాలు ఉన్నాయి. పేరుకు ముందు ఒక మాట ఉన్నచోట రాయిని లోతుగా చెక్కేశారు. ఆ గుంటలో పొడి కొత్తగా ఉంది.

నరేంద్రబాబు రూఫస్‌ను పలకరించాడు. ఎలిశబెతు తల తిప్పింది.

"ఆ పొద్దు ఫోన్లో మాట్లాడింది మీరే కదయ్యా?"

అతను అవునన్నాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు. కూర్చోమనడానికి అక్కడ ఇంకో కుర్చీ లేదని నొచ్చుకుంది.

"మంచి టయానికి వచ్చినారు," అంది. "మావాడు రాసియ్యనంటాడు. పాస్టరు గారు వద్దంటాడు. మీరైతే ఉన్నది ఉన్నట్టు రాస్తారు. ఆ బిళ్ల మీద ఉండే మాట తెలుగులో రాసియ్యండి, పెంచలయ్య చెక్కుతాడు."

పేరొక్కటి ఉంటే సరిపోతుంది గదా పెద్దమ్మా అని నరేంద్రబాబు అన్నాడు.

"ఖాళీగా ఉంటే జనం సిపాయి అనే చదువుకుంటారు. అరవై ఏండ్లు అదే చదివినారు," అందామె. "రాయండి."

జేబులో పురుగుమందు కంపెనీ కాగితం ఉంది. వెనక్కి తిప్పి మోకాలి మీద పెట్టుకొని ఒక మాట రాశాడు. వత్తు స్పష్టంగా లేదని పెంచలయ్య అంటే కొట్టేసి, కింద పెద్ద అక్షరాలతో మళ్లీ రాశాడు. ఎలిశబెతు దాన్ని చదివి వినిపించమంది. అతను చదివాడు. ఆమె విని తల ఊపింది. చెక్కడం అయ్యేదాకా ఉండమంది. రాయి కదా సార్, తప్పు పోతే దిద్దుకోలేం అంది.

అతను ఉన్నాడు. బురదలో ఇటుక మీద నిలబడ్డాడు. పెంచలయ్య ముందు బొగ్గుతో గీత గీశాడు, తర్వాత ఉలి పెట్టాడు. గంటన్నర పట్టింది. నరేంద్రబాబు ఫోను జేబులో ఆరేడుసార్లు వణికింది. ఏమైంది, వస్తున్నాడా అని గ్రూపువాళ్లు అడుగుతున్నారు.

పెంచలయ్య పొడి ఊది, తడిగుడ్డతో తుడిచాడు. సరిగ్గా ఉందా సార్ అన్నాడు. నరేంద్రబాబు వంగి చూశాడు. సరిగ్గా ఉందన్నాడు.

"ఫొటో తీయండి," అంది ఎలిశబెతు. "మీ వాళ్లందరికీ పంపండి. మా ఇంట్లో ఇప్పుడు అబద్ధం లేదని చెప్పండి. మావాడి పేరు ముందర ఏందో మాట పెట్టినారంట గదా, అది తీసేయండి."

ఆమె ఆ రాయిని ఎందుకు చెక్కించిందో నరేంద్రబాబుకు అప్పుడు తెలిసింది. రూఫస్‌కూ అప్పుడే తెలిసినట్టుంది. గట్టు మీదినుంచి లేచాడు. నరేంద్రబాబు దగ్గరికి వచ్చి, అవ్వకు వినపడకుండా, ఆ రోజు మాట్లాడిన మొదటి మాట మాట్లాడాడు.

"తీసేసినానని చెప్పు సార్. నువ్వు తీయబళ్లేదు. చెప్పు, చాలు. ఆదివారం నుంచి వచ్చి ఆడతా."

నరేంద్రబాబు ఇరవై మైళ్లు వచ్చింది ఆ మాట కోసం. అతను రూఫస్‌ను చూశాడు. బండను చూశాడు. ఫొటో తీశాడు.

"తీసేసినారా అయ్యా?" అని ఎలిశబెతు అడిగింది.

"ఇది వేరే, అది వేరే పెద్దమ్మా," అన్నాడు. "మీ వాడికి పడింది మీ నాయన స్వీపర్ అయినందుకు కాదు. చూస్తూ చూస్తూ తప్పు చదివినందుకు. దానికి మూడు నెలలు. నియమం అందరికీ ఒకటే. ఇంకా అరవై ఎనిమిది రోజులు ఉంది."

రూఫస్ అతన్ని కొట్టలేదు. వెళ్లి అవ్వ చెయ్యి పట్టుకొని లేపాడు. ఆమె కొంతసేపు నిలబడి బండ వైపు చూసింది. దాన్ని మళ్లీ మార్చే వీల్లేదు.

"ఏ పొద్దుకు పోతుందయ్యా అది?"

"జనవరి పన్నెండు. ఆదివారం."

"జనవరి పన్నెండు, ఆదివారం," అని ఆమె రెండుసార్లు అనుకుంది, మర్చిపోకుండా. మనవడి భుజం పట్టుకొని ఇటుకల మీద అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లింది. రూఫస్ కుర్చీని రెండో చేత్తో పట్టుకున్నాడు.

నరేంద్రబాబు ఫోను తీసి క్యాలెండరు చూశాడు. బొంకు పెట్టింది ఆదివారం గనక పోయేదీ ఆదివారమే అనుకున్నాడు. జనవరి పన్నెండు సోమవారం. వాళ్లు అప్పటికే గేటు దగ్గరకు చేరారు. అతను ప్యాంటు పైకి పట్టుకొని బురదలో గబగబా నడిచి, పెద్దమ్మా అని పిలిచి ఆపి, సోమవారం అని సరిదిద్దాడు.